గరాటులో పన్నెండు నిమిషాలు

ఆమెకు తల్లిదండ్రులు ఏరికోరి పెట్టిన పేరు ఒకటి ఉంది. జీతం కాగితం మీద తప్ప అది ఎక్కడా పనికి రాదు. షాంపూ ఫ్యాక్టరీలో గేటు వాచ్‌మన్ నుంచి మేనేజరు దాకా అందరూ ఆమెను కునుకమ్మ అనే అంటారు. డ్యూటీలో కునుకు తీసి నాలుగో నంబరు ట్యాంకు మోటారు కాల్చేసిందని రెండేళ్ల కిందట తగిలించిన పేరది.

తాను నిద్రపోలేదని ఆమె మొదట్లో అందరికీ చెప్పింది. తర్వాత కొందరికి చెప్పింది. ఆ తర్వాత మానేసింది. ఈమధ్య ఆమెకే అనుమానం వస్తోంది, నిజంగానే కాస్త కన్ను మూతపడిందేమోనని. చెయ్యని తప్పు చేశానని ఒక మనిషి చేత అనిపించడానికి పెద్ద కష్టమేమీ పడక్కర్లేదు. నలుగురు కలిసి రోజూ నవ్వుతూ అంటూ ఉంటే సరిపోతుంది.

జరిగింది ఇది. అప్పటిదాకా ఫ్యాక్టరీలో ఉన్న మూడు ట్యాంకులూ నిలువు డబ్బాలు. పైనా కిందా ఒకే వెడల్పు. షాంపూ చిక్కటిది కదా, అడుగున అంటుకుపోయి ప్రతి బ్యాచిలోనూ రెండు బకెట్లు వృథా అయ్యేది. అందుకని మేనేజరు ఎంతో ఆలోచించి నాలుగో ట్యాంకును గరాటు ఆకారంలో చేయించాడు. పైన వెడల్పు, కింద మొన, రెండు మీటర్ల ఎత్తు. లోపల ఎంత ఉందో కనబడేలా పైనుంచి కిందిదాకా సన్నని గాజు పట్టీ. ఆ పట్టీ పక్కన టేపు పెట్టి కొలిచి, సరిగ్గా మీటరు ఎత్తున 'సగం' అని ఎర్ర అక్షరాల స్టిక్కరు ఒకటి మేనేజరు స్వహస్తాలతో అంటించాడు. నిండు ట్యాంకును ఖాళీ చెయ్యడానికి మోటారుకు ఎనభై నిమిషాలు పడుతుంది. సగమైతే నలభై. ఇందులో తప్పేముందని ఎవరైనా అంటారు. అందరూ అన్నారు కూడా.

ట్యాంకు వచ్చిన నాలుగో రోజు దాని దగ్గరున్న ఆపరేటరుకు కడుపులో నొప్పి వచ్చింది. పక్క లైనులో ఉన్న ఆమెను పిలిచి, "సగం ఉందక్కా, కాస్త చూసుకో" అని చెప్పి పరుగెత్తాడు. ఆమె చూసుకుంది. షాంపూ అంచు సరిగ్గా స్టిక్కరు మీద ఉంది. గోడ గడియారంలో పది ఇరవై. ఇంకా నలభై నిమిషాలుంది కదా అని నమూనా సీసా పట్టుకుని అటు చివరనున్న ల్యాబుకు వెళ్లింది. సీసా ఇచ్చి, వస్తూ వస్తూ నిలబడే టీ తాగి, పది ముప్పై రెండుకు తిరిగి వచ్చింది. తలుపు తీసేసరికి కాలిన రబ్బరు వాసన, దానికి తోడు షాంపూలో కలిపే పచ్చి యాపిల్ వాసన. ట్యాంకులో చుక్క లేదు. మోటారు ఒట్టిగా తిరిగి తిరిగి కాలిపోయింది.

"పన్నెండు నిమిషాలే వెళ్లాను సార్" అంది.

మేనేజరు కాలిక్యులేటరు కూడా తియ్యలేదు. "సగం ట్యాంకు ఖాళీ అవ్వాలంటే నలభై నిమిషాలు పడుతుందమ్మా. పన్నెండులో ఎలా అవుతుంది? ఆవిరైపోయిందా? ఎక్కడో కూర్చుని కునుకు తీశావు. ఒప్పుకుంటే పోయేదానికి ఎందుకింత రాద్ధాంతం" అన్నాడు.

కడుపునొప్పి ఆపరేటరును పిలిచి అడిగితే, తాను ఎన్నింటికి వెళ్లాడో గుర్తులేదన్నాడు. గడియారం చూసుకునే స్థితిలో లేనన్నాడు. పాపం, అది నిజమే అయ్యుంటుంది.

ఇంటికి వచ్చి భర్తకు చెప్పుకుంది. ఆయన బస్సు డ్రైవరు. ఇరవై ఏళ్లుగా తన బస్సుకు ఎవరైనా అడ్డమొస్తే పక్కకు తప్పించి పోవడం అలవాటు చేసుకున్న మనిషి. "రాసిచ్చెయ్యవే" అన్నాడు. "నిద్రపోయానని రాసిస్తే సెక్షను మార్చి ఊరుకుంటారు. లేదంటే అబద్ధాలు కూడా చెప్తోందని ఇంటికి పంపేస్తారు. రెండు ముక్కలు రాస్తే నీ సొమ్మేం పోయింది?" ఆమె రాసిచ్చింది. 'నేను నిద్రపోయాను. ఇకమీదట ఇలా జరగదు.' కింద సంతకం. ఆ కాగితం ఆమె ఫైల్లోకి వెళ్లింది, ఆమె లేబుళ్ల సెక్షనులోకి వెళ్లింది. ట్యాంకు అడుగున ఒక సెన్సరు పెట్టారు. ఖాళీ కాగానే ఎర్ర దీపం వెలిగి మోటారు దానంతటదే ఆగిపోతుంది. దాంతో ఆ 'సగం' గుర్తు వంక చూసే అవసరం ఎవరికీ లేకపోయింది.

రెండేళ్లు ఆమె సీసాలకు లేబుళ్లు అంటించింది. తర్వాత ఒకరోజు నోటీసు బోర్డులో కాగితం పడింది. ట్యాంకుల విభాగానికి ఇన్‌ఛార్జి కావాలి. రాతపరీక్ష, తర్వాత ఇంటర్వ్యూ. సిలబస్సులో చివరి అంశం మార్పు రేట్లు, చెయిన్ రూల్. అది చదివి సగం మంది అక్కడే వెనక్కి తిరిగారు. కునుకమ్మ మాత్రం దరఖాస్తు పెట్టింది. పోస్టు మీద ఆశ లేదని కాదు. కానీ ఇంటర్వ్యూలో ఫైలు తెరుస్తారు, ఆ కాగితం బయటికి వస్తుంది, ఆ రోజు ఏం జరిగిందని అడుగుతారు. ఎవరో ఒకరు మళ్లీ ఒక్కసారి అడగాలి, తాను పన్నెండు నిమిషాలని చెప్పాలి, వాళ్లు నమ్మాలి. ఆమెకు కావలసింది అదొక్కటే. ఎలా నమ్మిస్తుందో మాత్రం ఆమెకే తెలియదు.

ఇంట్లోనే లెక్కలు వచ్చిన మనిషి ఉంది. అసలు చిక్కంతా అదే. భర్తకు అక్క, ఆమెకు వదిన. ముప్పై ఏళ్లు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరై, మేడ మీద గదిలో ఉంటుంది. పొద్దున్నే ఎర్ర పెన్నుతో పేపర్లో తప్పులు దిద్దుతుంది. ఎవరైనా ఎదురుపడితే వీళ్లకు మార్కులు ఎక్కడ తగ్గించాలా అన్నట్టు చూస్తుంది. మోటారు కాలిన రోజున ఆవిడ కూడా మేడ మెట్ల మీదే నిలబడి, "ఎనభైలో సగం నలభై కదా మరదలా" అని తేల్చేసి పైకి వెళ్లిపోయింది.

"వదినా, నాకు చెయిన్ రూల్ చెప్తారా?" అని అడిగింది కునుకమ్మ.

"కాలేజీలో చదవలేదూ?"

"ఛాయిస్‌లో వదిలేశాను."

వదిన కళ్లజోడు తీసి చీరచెంగుతో తుడిచింది. "నా క్లాసుల్లో ప్రతి ఏడూ సగం మంది అదే పని చేశారు. తిరిగొచ్చి అడిగింది నువ్వొక్కదానివే. ఆదివారం రా."

ఆదివారం పాఠం కింద గదిలో పెట్టుకున్నారు, అత్తగారి కుట్టుమిషను దగ్గర. ఇంట్లో రాసుకోవడానికి వీలైన బల్ల ఇంకోటి లేదు. అత్తగారికి డెబ్భై నాలుగేళ్లు. స్కూలు యూనిఫారాలు కుడుతుంది. చదువు చెప్పుకుంటారని ఆవిడ మిషను ఆపదు, మీరే ఆ చివర సర్దుకోండి అంటుంది.

పుస్తకంలో మొదటి లెక్కే గొడవ తెచ్చింది. గోడకు నిచ్చెన వేసి ఉంది. దాని అడుగును సెకనుకు ఒక మీటరు చొప్పున గోడకు దూరంగా లాగుతున్నారు. పై చివర ఎంత వేగంతో జారుతుంది?

"ఎవరు లాగుతున్నారు వదినా?"

"అది అనవసరం."

"నిచ్చెన మీద ఎవరైనా ఉన్నారా?"

"లేరు."

"మరి లాగడం దేనికి? భుజాన వేసుకుని తీసుకుపోవచ్చుగా."

"పైన ఎవడో ఉండే ఉంటాడే" అంది అత్తగారు, దారం కొరుకుతూ. "లేకపోతే ఊరికే ఎందుకు లాగుతారు. పాత పగ అయ్యుంటుంది."

రెండో లెక్కలో ఒకాయన ట్యాంకులోకి పైనుంచి నీళ్లు వదులుతూ, అడుగున ఇంకో కుళాయి తిప్పి ఉంచుతాడు. కునుకమ్మకు ఒళ్లు మండింది. "ఈయన ఇలా నిలబడి నీళ్లు పారబోస్తుంటే పుస్తకంలో వేశారు. నేను టీకి వెళ్తే సెక్షను మార్చారు" అంది. వదిన మొహంలో ఏదో కదిలింది. అది నవ్వని ఒప్పుకోవడానికి ఆవిడకు ఇంకో మూడు ఆదివారాలు పట్టింది.

పుస్తకంలో చెయిన్ రూల్‌కు 'శృంఖల నియమం' అని పేరు పెట్టారు. ఎవరినో గొలుసులతో కట్టి జైల్లో వేసేలా ఉంది ఆ పేరు. దాని కింద డీ వై, డీ యూ, డీ ఎక్స్ ఒకదాని భుజాలెక్కి ఒకటి కూర్చున్నాయి. కునుకమ్మ వాటివంక చాలాసేపు చూసింది. అవి కూడా ఆమె వంక చూశాయి. రెండు పక్షాల మధ్యా ఏమీ కుదరలేదు.

మూడు వారాలు ఇలా గడిచాక వదిన పుస్తకం మూసేసి, తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు ఒకసారి తొక్కితే మిషను ఎన్ని కుట్లు వేస్తుంది?"

"నాలుగు. కింది పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగితే పై చిన్న చక్రం నాలుగు చుట్లు తిరుగుతుంది. చుట్టుకొక కుట్టు."

"కుట్టుకి గుడ్డ ఎంత జరుగుతుంది?"

"రెండు మిల్లీమీటర్లు."

"నిమిషానికి ఎన్నిసార్లు తొక్కుతావు?"

"మోకాళ్లు బాగుంటే యాభై. అయితే నిమిషానికి నలభై సెంటీమీటర్లు కుడతాను. ఈ మాత్రానికి అంతంత చదువులు దేనికే?"

వదిన కాగితం మీద రాసింది. కుట్టుకు ఎంత గుడ్డ, తొక్కుకు ఎన్ని కుట్లు, నిమిషానికి ఎన్ని తొక్కులు. మూడూ గుణిస్తే నిమిషానికి ఎంత గుడ్డ. "ఇదే చెయిన్ రూల్ మరదలా. గుడ్డకీ కాలికీ నేరుగా సంబంధం లేదు. మధ్యలో చక్రాలున్నాయి. ఒక్కో చోట ఎంతకి ఎంతో కనుక్కుని గుణించుకుంటూ పోవడమే."

కునుకమ్మ కాగితం వంక చూసింది, మిషను వంక చూసింది. ఇరవై ఏళ్లుగా చెవిలో పడుతున్న ఆ చప్పుడు లోపల ఇదా ఉన్నది అనుకుంది.

"ఇప్పుడు చూడు." వదిన వంగి, మిషను పక్కనున్న కుట్టు పొడవు మీటను మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది. అత్తగారు తొక్కుతూనే ఉంది, అదే వేగంతో. గుడ్డ మాత్రం అంతకంతకూ త్వరత్వరగా జరిగింది, కుట్లు బారుగా సాగాయి. "తొక్కడం మారలేదు, గుడ్డ వేగం మారింది. ఎందుకు? గొలుసులో ఒక లింకును నేను మారుస్తున్నా కాబట్టి."

"నా యూనిఫారం పాడు చేశావు" అంది అత్తగారు. "ఆ కుట్లు నువ్వే విప్పాలి."

కునుకమ్మకు అవేవీ వినబడటం లేదు. ఆమె కళ్ల ముందు నాలుగో నంబరు ట్యాంకు నిలబడి ఉంది. మోటారు అంటే ఈ తొక్కుడు, ఎప్పుడూ ఒకే వేగం. గాజు పట్టీలో దిగే షాంపూ అంచు అంటే ఈ గుడ్డ. మధ్యలో ఉన్న లింకు ట్యాంకు వెడల్పు. ఆ వెడల్పు కిందికి పోయేకొద్దీ తగ్గిపోతుంది. ఎవరూ చెయ్యి పెట్టకుండానే మీట తిరుగుతూ ఉంటుంది.

"వదినా, మా ట్యాంకు లెక్క వేద్దాం" అంది.

వేశారు. నిమిషానికి బయటికి పోయే షాంపూ అంటే, ఒక్క సెంటీమీటరు దిగితే ఎంత షాంపూ పోతుందో అది, నిమిషానికి ఎన్ని సెంటీమీటర్లు దిగుతుందో ఇది, రెండిటి గుణకారం. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు నిమిషానికి ఒక సెంటీమీటరు కూడా దిగదు. అందులో ఆరింట ఐదు వంతులే. సగం ఎత్తుకు వచ్చేసరికి వెడల్పు ఇటూ సగమే, అటూ సగమే. అంటే పైకి కనబడే షాంపూ వైశాల్యం నాలుగో వంతు. మోటారు మాత్రం అంతే లాగుతోంది. కాబట్టి అంచు నాలుగు రెట్లు వేగంగా దిగాలి. నిమిషానికి మూడు సెంటీమీటర్ల చిల్లర.

"కింద ఇంకా మీటరు ఉంది కదా" అని కునుకమ్మ వేళ్ల మీద లెక్క కట్టింది. "ముప్పై నిమిషాలు."

నలభై కాదు, ముప్పై. మేనేజరు తప్పే. కానీ పన్నెండు మాత్రం కాదు. ఆమె పెన్సిలు కింద పెట్టేసింది. అయితే ఆ మిగతా పద్దెనిమిది నిమిషాలు తాను ఎక్కడున్నట్టు? నిజంగానే ల్యాబు వరండాలో బెంచీ మీద కూర్చుందా? కూర్చుంటే గుర్తుండదా? రెండేళ్లుగా లోపల మెల్లగా కుళ్లుతున్న అనుమానం ఒక్కసారిగా పైకి వచ్చింది.

"నేను నిద్రే పోయుంటాను వదినా" అంది.

"ఆగు" అంది వదిన. "ముప్పై అన్నావే, సగం దగ్గర ఉన్న వేగం చివరిదాకా అలాగే ఉంటుందనుకుని అన్నావు. అది ఆ ఒక్క క్షణానికే. ఇంకో సెంటీమీటరు దిగితే ఇంకా వేగం. యాభై సెంటీమీటర్ల దగ్గర వైశాల్యం పదహారో వంతు. వేగం పదహారు రెట్లు. నిమిషానికి పదమూడు సెంటీమీటర్లు. అక్కడి నుంచి ఇంకా, ఇంకా..." ఆవిడ ఆగిపోయింది. ఎర్ర పెన్ను చేతిలో అలాగే ఉండిపోయింది. "అమ్మా, గరాటు ఎక్కడుంది?"

వంటింట్లో ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. అత్తగారు గరాటు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి పట్టుకుంది. వదిన దర్జీ టేపుతో లోతు కొలిచి సగం దగ్గర గుర్తు పెట్టింది. కునుకమ్మ ఆ గుర్తు దాకా నీళ్లు పోసి, ఆ నీళ్లను గ్లాసులోకి వంచి, గ్లాసు మీద అవి ఎంతవరకు వచ్చాయో గీత గీసింది. తర్వాత ఆ గీత కొలతతో ఖాళీ గరాటును నింపడం మొదలుపెట్టింది.

"రెండుసార్లకి నిండుతుంది" అంది అత్తగారు ధీమాగా. "సగం అన్నాక రెండు సగాలేగా."

రెండు పోశాక గరాటులో నీళ్లు గుర్తుకు కాస్త పైన ఉన్నాయి. మూడు. నాలుగు. అత్తగారు గరాటు లోపలికి తొంగి చూసింది, కారుతోందేమోనని వేలు సరిచేసుకుంది. ఐదు, ఆరు. ఏడు. ఎనిమిదో కొలత పోసేసరికి నీళ్లు అంచుదాకా వచ్చి, అత్తగారి మణికట్టు మీదుగా ఒక్క చుక్క జారింది.

"ఎనిమిది" అంది ఆవిడ.

సగం ఎత్తులో ఉన్నది ఎనిమిదో వంతు. ఎనభై నిమిషాల్లో ఎనిమిదో వంతు పది. పది ఇరవైకి చూసింది. పది ముప్పైకి ట్యాంకు ఖాళీ. పది ముప్పై రెండుకు తలుపు తీసింది. మోటారు కాలింది ఆ రెండు నిమిషాల్లో.

కునుకమ్మ గ్లాసు పక్కన పెట్టి ఏడ్చింది. దాచుకోకుండా, ముక్కు చీదుకుంటూ, వంటింటి నేల మీద కూర్చుని ఏడ్చింది. బాధ కొంత, కోపం కొంత, అన్నిటికన్నా ఎక్కువగా హాయి. తాను మెలకువగానే ఉంది. రెండేళ్ల తర్వాత ఆ సంగతి తనకు తెలిసింది.

"ముప్పై ఏళ్లు నేను శంకువుల లెక్కలు చెప్పాను" అంది వదిన. "నీ ట్యాంకు ఏ ఆకారంలో ఉందని ఒక్కసారి కూడా అడగలేదు. మెట్ల మీద నిలబడి నలభై అని తీర్పు చెప్పాను. నాకు సున్నా వెయ్యాలి మరదలా."

అత్తగారు గరాటులో నీళ్లు కుండీలో పోసి వచ్చి, కోడలి తల మీద తడిచేత్తోనే నిమిరింది. ఆవిడకు తెలిసిన క్షమాపణ అదే.

రాతపరీక్షలో నిచ్చెన లెక్కే వచ్చింది. లాగేవాడి ఉద్దేశం ఏమిటో అడక్కుండా కునుకమ్మ దాన్ని చేసి పాసైంది. ఇంటర్వ్యూ బుధవారం పదకొండింటికి. లోపల మేనేజరు, హెడ్డాఫీసు నుంచి వచ్చిన ముసలి ఇంజినీరు ఉన్నారు. ఇంజినీరు ఫైలు తిరగేసి, ఆ కాగితం దగ్గర ఆగాడు.

"నిద్రపోయారా?"

"లేదండీ. రాసిచ్చాను, అంతే. పన్నెండు నిమిషాలు బయటికి వెళ్లాను."

"మళ్లీ మొదలుపెట్టింది" అన్నాడు మేనేజరు నవ్వుతూ. "సగం ట్యాంకు సార్. నలభై నిమిషాలు పడుతుంది."

"ఈరోజు నిండుగా ఉన్న నాలుగో ట్యాంకును పదింటికి ఖాళీ చెయ్యడం మొదలుపెట్టారు సార్" అంది ఆమె. "పొద్దున వస్తూనే కనుక్కున్నాను. ఇప్పుడు పదకొండూ ఐదు. సగం గుర్తుకి ఇంకా రాలేదు. పదకొండూ పదికి వస్తుంది. పదకొండూ ఇరవైకి ఖాళీ అయిపోతుంది. మీరే వచ్చి చూడండి."

"పది నలభైకే సగం దాటిపోయుంటుందమ్మా" అన్నాడు మేనేజరు. కానీ ఇంజినీరు అప్పటికే కుర్చీలోంచి లేచాడు.

వెళ్లి చూస్తే షాంపూ అంచు స్టిక్కరుకు జానెడు దూరం కూడా లేదు, కానీ ఇంకా పైనే ఉంది. మేనేజరు మొహంలో మొదటి గీత అక్కడ పడింది. "ఇవాళ మోటారు మెల్లగా లాగుతున్నట్టుంది" అన్నాడు. పదకొండూ పదికి అంచు గుర్తును తాకింది. ముగ్గురూ గాజు పట్టీ ముందు నిలబడ్డారు. పది నిమిషాలు నిలబడి షాంపూ దిగడం చూడటమంటే మామూలు మనుషులు చేసే పని కాదు. ట్యాంకు గది పనివాళ్లు ఒక్కొక్కరే వచ్చి వెనక చేరారు. వాళ్లలో కడుపునొప్పి ఆపరేటరు కూడా ఉన్నాడు.

ఐదు నిమిషాలయ్యాక మేనేజరు టేపు పెట్టి కొలిచాడు. "ఇరవయ్యొక్క సెంటీమీటర్లే దిగింది సార్" అన్నాడు ఉత్సాహంగా. "ఈ లెక్కన ఇంకా దగ్గర దగ్గర ఇరవై నిమిషాలు పడుతుంది."

కునుకమ్మకు లెక్క సరైనదేనని తెలుసు. గరాటు ఎనిమిదిసార్లు చెప్పింది. అయినా ఒక్కసారి అబద్ధాలకోరు అనిపించుకున్న మనిషికి తన నిజం మీద తనకే ధైర్యం రావడానికి టైం పడుతుంది.

పదకొండూ పదహారు, పదిహేడు. అంచు దిగడం ఇప్పుడు కంటికి కనబడుతోంది. పద్దెనిమిదికి ఇంజినీరు కళ్లజోడు సవరించుకున్నాడు. పందొమ్మిదికి ఇంకా అర మీటరుకు కాస్త తక్కువ ఉంది, అదంతా చివరి నిమిషంలో కాలు జారి పడ్డట్టు కిందికి పోయింది. ఎర్ర దీపం వెలిగింది. మోటారు ఆగింది. గోడ గడియారంలో పదకొండూ ఇరవై.

"సెన్సరు పాడైనట్టుంది" అన్నాడు మేనేజరు.

ఇంజినీరు నిచ్చెన ఎక్కి, మూత తీసి లోపలికి చూశాడు. దిగి వచ్చి, చేతులు దులుపుకుని, "ఈ గుర్తు ఎవరు పెట్టారు?" అని అడిగాడు. దానికి జవాబు వెనక నిలబడ్డ పనివాళ్లందరికీ తెలుసు. అందరూ ఎంతో మర్యాదగా నేల వంక చూశారు.

ఇంటర్వ్యూ గదికి తిరిగి వచ్చాక కునుకమ్మ ఫైల్లోని ఆ కాగితం అడిగింది. చించుతుందేమోనని మేనేజరు సందేహించాడు. ఆమె చించలేదు. రెండేళ్ల కిందటి తన సంతకం కింద, మూడు వరసల్లో లెక్క వేసింది. దాని కింద రాసింది. 'నేను నిద్రపోలేదు. పన్నెండు నిమిషాలు వెళ్లాను. పది నిమిషాలకు ట్యాంకు ఖాళీ అయింది. టీ తాగిన రెండు నిమిషాలు నావి. స్టిక్కరు నాది కాదు.' ఇంజినీరు 'చూశాను, సరైనది' అని సంతకం పెట్టి, కాగితం మేనేజరు ముందుకు జరిపాడు. మేనేజరు పెన్ను కోసం జేబులన్నీ వెతికాడు. కునుకమ్మ తన పెన్ను ఇచ్చింది. అది వదిన ఎర్ర పెన్ను.

అసలు సగం ఎక్కడుండాలని ఇంజినీరు అడిగితే నూట యాభై తొమ్మిది సెంటీమీటర్ల దగ్గరని చెప్పింది. ఆ స్టిక్కరును పీకి అక్కడ అంటించే పని కడుపునొప్పి ఆపరేటరు తనంతట తానే చేశాడు. పోస్టు ఆమెకు వారం తర్వాత వచ్చింది. ఆ పేరు మాత్రం పోలేదు, కాకపోతే మేనేజరుకు కూడా ఒకటి వచ్చింది. చాటుగా అందరూ ఆయనను సగంగారు అంటున్నారు.

ఇంటర్వ్యూ అయిన బుధవారం సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి వదిన కింద గదిలో, పాఠం చెప్పిన రోజు తాను మీట తిప్పితే పొడుగుసాగిన కుట్లు విప్పుతోంది. అత్తగారు తొక్కుతోంది. భర్త అప్పుడే డ్యూటీ దిగి వచ్చి కూర్చున్నాడు. జరిగిందంతా విని, చొక్కా గుండీ ఒకటి అటూ ఇటూ తిప్పాడు.

"నేను అప్పుడు కూడా నిన్ను నమ్మానే" అన్నాడు చివరికి. "పూర్తిగా అని అనను. సగం నమ్మాను."

కునుకమ్మ టీ గిన్నె దించుతోంది. వెనక్కి తిరగలేదు. "సగమంటే ఎనిమిదో వంతేనండీ" అంది.

వదిన చేతిలో కత్తెర ఆగింది. అత్తగారి మిషను కూడా ఆగింది. ఆ ఇంట్లో అది ఆగడం అరుదు.

అతను గుండీ వదిలేశాడు. "ఆ మాత్రం కూడా నమ్మలేదే" అన్నాడు నెమ్మదిగా.

"తెలుసు" అంది ఆమె. నాలుగు గ్లాసులు తీసి వరసగా పెట్టి, అతని గ్లాసులో కూడా నిండుగా టీ పోసింది.